విల్లు కోసం కొట్టిన మేకు

విల్లు ఇంకా ఇంట్లోనే ఉంది. దాన్ని తగిలించడానికి మేకు మాత్రం అప్పుడే గోడలో దిగిపోయింది. చిట్టి కోపమంతా ఆ మేకు మీదే.

విలువిద్య మైదానం పక్కన ఒక హాలుంది. తలుపు తీయగానే ఎదురుగా కనిపించే గోడకి, మనిషెత్తు విల్లు వేలాడేందుకు సరిపోయే ఎత్తులో, టేపు మావయ్య స్వయంగా స్టూలెక్కి కొట్టిన మేకు అది. మైదానం బాగోగులు చూసేది ఆయనే. ఆయన నిజానికి ఎవరికీ మావయ్య కాడు, అయినా అక్కడ విల్లు పట్టే ప్రతివాళ్లకీ మావయ్యే. దర్జీలు వాడే టేపు ఒకటి ఎప్పుడూ ఆయన మెడలో వేలాడుతుంటుంది. నిద్రలో కూడా తీయడని వాళ్లావిడ అంటుంది. నమ్మకపోవడానికి ఎవరికీ కారణం దొరకలేదు.

మనిషి చెడ్డవాడు కాదు. నిరుడు ఎవరిదో పాత విల్లు ఫెళ్లున పగిలి, ముక్క ఎగిరొచ్చి పక్కనున్నామె చెంప చీల్చింది. అప్పట్నుంచీ పాత విల్లు కనబడితే చాలు, ఆయనకి చెమటలు పడతాయి. అందుకే ఈ ఆదివారం పొద్దున తనిఖీ పెట్టాడు. నెగ్గిన విల్లు మైదానంలోకి, నెగ్గనిది గోడ మీదకి. మధ్యేమార్గం లేదు.

“మీ అత్త చేతి విల్లంటే మాటలా చిట్టీ! ఆవిడ చెక్కిన ఆఖరిది. గోడకుంటే పదిమందీ చూస్తారు, గౌరవంగా ఉంటుంది,” అన్నాడు మేకు కొట్టిన సుత్తి ఇంకా చేతిలో ఉండగానే.

“గోడకుంటే బల్లులు చూస్తాయి,” అంది చిట్టి.

చిట్టి అన్నది ముద్దుపేరు. ఆ పేరు పెట్టినప్పుడు ఆమె నిజంగానే చిట్టిగా ఉండేది. ఇప్పుడు తల వంచితే గానీ గుమ్మం దాటలేదు. చేతులూ పొడుగే, వేళ్లూ పొడుగే. కాలిపోయిన ఫ్యాన్లకీ పంపులకీ కొత్త తీగ చుట్టే దుకాణంలో పని. తీగ ఎక్కడ బిగిసిందో, ఎక్కడ వదులైందో కళ్లు మూసుకుని చెప్పగలదు. పట్టిన పట్టు మాత్రం విడవదు. అది మేనత్త దగ్గర నేర్చుకున్న గుణం.

ఆ మేనత్త, అంటే చిట్టి నాన్నకి అక్క, పెళ్లెప్పుడని ఎవరడిగినా “తీరిక లేదు” అనేసి జన్మంతా విళ్లు చెక్కుతూ గడిపిన మనిషి. అంతకుముందు, పడుచుతనంలో, బల్లలూ కుర్చీలూ చేసే కార్ఖానాలో రంపం దగ్గర పని చేసేది. ఎడమచేతి బొటనవేలి కొన అక్కడే పోయింది. ఇంట్లో పిల్లలు అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో కథ చెప్పేది. ఒకడికి చేప కొరికిందంది, ఇంకొకడికి ముక్కులో వేలు పెట్టుకుంటే ఇలాగే అవుతుందంది. చిట్టికి మాత్రం, అన్నం తినని పిల్ల నోట్లో పెట్టడానికి ఆ ముక్క దాచి ఉంచానని చెప్పింది. ఆ భయంతో చిట్టి అన్నం తిని తిని ఆరడుగులైందని ఇంట్లో ఇప్పటికీ ఎగతాళి చేస్తారు.

అత్త కళ్లు కొన్నేళ్లుగా మసకబారుతూ వచ్చి నిరుడు పూర్తిగా ఆరిపోయాయి. ఆ రోజే ఆమె పనిగది తలుపు గడియ పెట్టేసింది. “కళ్లు లేకుండా చెక్క ముట్టుకుంటే చెక్కకే అవమానం,” అని పెరటివైపు గదిలో కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది. రేడియో పెడితే వింటుంది, కట్టేస్తే ఊరుకుంటుంది. ఉప్పెక్కువైందని వంటమీద కూడా పోట్లాడటం మానేసింది. చిట్టిని భయపెట్టింది అదే. విల్లు గోడకెక్కితే అత్త ఆ కుర్చీలోంచి ఇక లేవదు. ఈ సంగతి చిట్టికి ఎవరూ చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా.

“గోడకి వేలాడదీస్తారట నీ విల్లుని,” అంది శుక్రవారం సాయంత్రం ఇంటికి రాగానే.

“వేలాడదీయనీ. నాకేం?” అంది అత్త. నోరైతే అలా అంది గానీ, కుర్చీ చేతిని పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి. చిట్టి అది చూసింది.

విల్లుకి వచ్చిన కష్టమల్లా నారి లేకపోవడం. అత్త పేనిన నారి మైనం వాసనకి వచ్చిన ఎలుకకి విందైపోయింది. పోనీ ఒక చోట కొరికి వదిలేసినా, ముక్కలు కలిపి పొడవెంతో చూసుకునేవాళ్లు. ఆ మహానుభావుడు రెండు చివర్ల ఉచ్చులు మాత్రం మర్యాదగా మిగిల్చి నడుమంతా పీచు చేసి పెట్టాడు. కాబట్టి కొత్త నారి పేనాలి. పేనడం చిట్టికి కొట్టిన పిండే. అత్త పక్కన కూర్చుని ఎన్నో పేనింది. కానీ ఎప్పుడూ కొలత అత్తదే, పేనడం తనది.

పనిగది గడియ తీసింది చిట్టి. పొడి చెక్కవాసన, దుమ్ము. విల్లు మూలన నిలబడి ఉంది, పిడి దగ్గర తోలు నల్లబడి. గోడ అవతల అత్త ఉందని తెలుసు కాబట్టి గొంతెత్తి అడిగింది.

“అత్తా, నారి పొడవెంత పెట్టమంటావు?”

“నేను ఆ పని వదిలేశాను. నన్నడక్కు.”

చిట్టి దారాలు సాగదీసింది. కాసేపటికి గోడ అవతలి నుంచి గొంతు వినబడింది. అత్త చేతులు పని మానాయి గానీ, విల్లు సంగతి వచ్చేసరికి నోరు ఊరుకోలేకపోయింది.

“విల్లు పొడవులోంచి నాలుగు వేళ్ల మందం తగ్గించు. అది పేనడానికి. అసలు కొలత ఎక్కుపెట్టాక. పిడికిలి పిడికి ఆనించి బొటనవేలు లేపు. వేలి చివర నారికి తగలాలి. తగిలితే సరి. ఎన్నిసార్లు చెప్పించుకుంటావే?”

“వంద,” అంది చిట్టి, సంతోషం పట్టలేక. అత్త అంత పొడుగు మాట మాట్లాడి ఎన్నాళ్లయిందో.

ఆ సాయంత్రమే నారి పేనింది. మూడు పాయలు, ఒక్కోదానికీ మైనం, కుడికి పురి పెట్టి ఎడమకి చుట్టుకుంటూ. పొద్దున్నే కాలు దూర్చి, తొడమీద విల్లు వంచి, ఉచ్చు గాడిలో పడేసింది. పిడికిలి ఆనించి బొటనవేలు లేపింది. నారి గోటికొస కంటే కొంచెం కిందుంది, పిడి వైపు. విప్పి, ఇంకాస్త పురి పెట్టింది. పురి ఎక్కితే నారి కురచబడుతుంది, విల్లు మరింత వంగుతుంది. మళ్లీ కొలిచింది. ఈసారి గోటికొస నారికి ముద్దుగా తగిలింది. చిట్టి ముఖం విప్పారింది.

పెరట్లో గడ్డి కూరిన గోనెసంచికి గురిపెట్టి లాగింది. సగం లాగేసరికి విల్లు పైబద్దలో ‘టిక్’మంది.

చిట్టి ఆగిపోయింది. లాగిన నారిని మెల్లగా దాని చోటికి తెచ్చింది. బాణం వదల్లేదు.

“ఏంటే ఆ చప్పుడు?” కిటికీలోంచి అత్త.

“ఏం లేదత్తా.”

“కళ్లు పోయాయి గానీ చెవులు పోలేదు నాకు. విల్లు ఏడుస్తోంది. నారి కురచ పెట్టావు.”

“నువ్వు చెప్పినంతే పెట్టాను! బొటనవేలు తగులుతోంది!”

“తగిలితే అలా ఏడవదు.”

చిట్టికి కోపం వచ్చింది. దానికంటే ఎక్కువగా భయం వేసింది. విప్పి చూస్తే బద్ద మీద చీలిక ఏమీ లేదు. ఇంకా లేదు, అంతే. నారిదే తప్పు కాబోలనుకుంది. పాయలు సమంగా బిగుసుకోలేదేమో. ఇంకోటి పేనింది, మొదటిదానికంటే శ్రద్ధగా. ఎక్కుపెట్టి నాలుగు బాణాలు చిన్నగా లాగి వదిలింది. ఆ నాలుగింటికీ విల్లు కిమ్మనలేదు. హమ్మయ్య అనుకుని మళ్లీ కొలిస్తే, కొత్త నారి కాబట్టి సాగింది. వేలికీ నారికీ లెక్క తప్పింది, నారి బొటనవేలి కణుపు దగ్గరికి దిగిపోయింది. చిట్టి పళ్లు బిగించి, విప్పి, పురి మీద పురి పెట్టి, దాన్ని తిరిగి గోటికొసకి లాక్కొచ్చింది. తీగ వదులైతే బిగించడం ఆమె రోజూ చేసే పనే మరి. లాగింది.

‘టిక్’. ఈసారి గట్టిగా.

ఇంట్లో కుర్చీ కిర్రుమంది. తర్వాత గోడ తడుముకుంటూ వస్తున్న అడుగుల చప్పుడు. చిట్టి విల్లు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అత్త పెరటి గుమ్మంలో ప్రత్యక్షమైంది, ఒక చెయ్యి తలుపు మీద, జుట్టంతా రేగిపోయి, ముఖం గంటు పెట్టుకుని.

“చంపేస్తావా దాన్ని? గోడకి వేలాడినా ఒంటినిండా ప్రాణంతో ఉండేది కదే! ఇలా ఇయ్యి.”

చిట్టి విల్లు ఆమె చేతుల్లో పెట్టింది. చూపు పోయాక అత్త విల్లు ముట్టుకోవడం అదే మొదలు. ఆమె కోపం ఒక్క క్షణం తడబడింది. కుడిచేత్తో బద్ద పొడుగునా తడిమింది, మీద నుంచి కింద దాకా, జ్వరం వచ్చిన పిల్ల ఒళ్లు చూసినట్టు. ఆ తర్వాత ఎడమచెయ్యి పిడికిలి బిగించి పిడికి ఆనించింది. బొటనవేలు లేపింది.

“ఏదే నారి? నా వేలికి తగలట్లేదు. ఎంత దూరం లాగి కట్టావే దీన్ని!”

చిట్టి వంగి చూసింది. అత్త వేలి చివరకీ నారికీ మధ్య ఖాళీ. సరిగ్గా ఒక వేలికొన పట్టేంత ఖాళీ.

తన వేలినీ ఆ వేలినీ మార్చి మార్చి చూసింది.

“అత్తా,” అంది, “నీ వేలు.”

“నా వేలికేమైంది?”

నిజంగానే అడిగింది. ఆటపట్టించడం కాదు. వేలికి ఏమీ కానట్టే, అది పుట్టినప్పట్నుంచీ అంతే ఉన్నట్టే అడిగింది.

“కొన లేదు కదత్తా.”

అత్త కుడిచేతి వేళ్లతో ఆ మొండి చివరని ఒకసారి నొక్కి చూసుకుంది. ఆమె విళ్లు చెక్కడం మొదలుపెట్టింది వేలు పోయాకే. ప్రతి విల్లునీ ఆ వేలితోనే కొలిచింది, అది ఎంత వంగి నిలబడాలో ఆ వేలినిబట్టే బద్దలు పల్చన చేసింది. బొటనవేలు అని ఆమె అన్నప్పుడల్లా ఆ వేలే అన్నది. చిట్టి వినడం మాత్రం తన వేలిగా విన్నది, అందులోనూ ఆరడుగుల మనిషి వేలు. ఇంటిల్లిపాదీ ఆ వేలిని రోజూ చూసినవాళ్లే, దాని మీద కథలు చెప్పుకుని నవ్వినవాళ్లే. అంతగా చూసి చూసి చివరికి కనబడకుండా పోయింది.

ముందు ఎవరు నవ్వారో తెలీదు. అత్త విల్లు మీద వాలిపోయి నవ్వింది, చిట్టి గోడకి జారబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ చిట్టి కళ్లు తుడుచుకుంది. అంతలో ఆమెకి ఇంకోటి గుర్తొచ్చింది.

“ఇందాక రెండో నారి సాగి, దానంతటదే కిందకి దిగింది. నాలుగు బాణాలకి విల్లు నోరెత్తలేదు. అదే సరైన చోటు. నేనే మళ్లీ పురి పెట్టి పైకి లాగాను.”

“నీకు దాని మాట వినబడలేదు, నా మాటే వినబడింది,” అంది అత్త. “విల్లు చెప్తూనే ఉంటుంది. నారి సరిగ్గా ఉంటే మాత్రం నోరు మూసుకుంటుంది. బాణం దిగిన చప్పుడు తప్ప ఇంకేం వినబడకూడదు. సరే, పద.”

“ఎక్కడికి?”

“పనిగదిలోకే. ఎక్కువ పురి తిన్న నారిని విప్పి సర్దితే రేపు తెగుతుంది. కొత్తది పేనాలి.”

చిట్టి వెంటనే చెయ్యి అందించలేదు. అందిస్తే ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని. అత్త తనే గోడ పట్టుకుని నడిచింది. గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, గట్టిగా గాలి పీల్చి, లోపలికి అడుగుపెట్టింది. బల్ల ఎక్కడుందో, మైనం డబ్బా ఎక్కడుందో ఆమె చేతికి తెలుసు. డబ్బా మాత్రం అక్కడ లేదు.

“నా డబ్బా జరిపిందెవరు?”

“నేనే.”

“బుద్ధి లేదూ?”

ఆ తిట్టు చిట్టి చెవికి ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

పొడవు గోరంత పెంచారు. చివర్లో గోరంత తేడా చేస్తే నడుమ వేలంత తేడా వస్తుంది, నారి లెక్క అలాంటిది. అందుకే గోరు కంటే ఎక్కువ పెంచడానికి అత్త ఒప్పుకోలేదు. చిట్టి పేనుతుంటే పక్కన కూర్చుని రెండు వేళ్ల మధ్య నారి నడిపిస్తూ, “ఇక్కడ బిగుతు,” “ఇక్కడ దొంగపని చేశావు,” అంటూ పోయింది. దొంగపని చేసిన చోటల్లా చిట్టి విప్పి మళ్లీ పేనింది. ఒకచోట మూడుసార్లు విప్పించింది. పేనడం అయ్యాక, సాగాల్సిందేదో ముందే సాగిపోవాలని, నారికి నీళ్ల బకెట్ కట్టి దూలానికి వేలాడదీశారు. తెల్లారి ఎక్కుపెట్టాక అత్త పిడికిలి ఆనించింది. మొండి వేలి చివర నారికి తగిలింది. తీసి, చిట్టి వేలు పెట్టించింది. నారి కణుపు మీదకి వచ్చింది.

“ఇక తాడోపేడో తేల్చుకుందాం,” అంది అత్త. “చెప్పులేవి?”

“నువ్వూ వస్తావా?”

“నా విల్లు గోడకెక్కుతుంటే నేను ఇంట్లో కూర్చుంటానా?”

మొన్న ‘నాకేం’ అన్న మనిషే. చిట్టి ఆ సంగతి ఎత్తలేదు. చెప్పులు వెతికి తెచ్చి కాళ్ల దగ్గర పెట్టింది.

మైదానంలో జనం మూగారు. టేపు మావయ్య అత్తని చూసి గబగబా ఎదురొచ్చి, కుర్చీ వేయించి, నీళ్లు తెప్పించి, ఆ మర్యాదలన్నీ అయ్యాక విల్లు అందుకున్నాడు. గాడులు చూశాడు, బద్దలు వెలుగులో తిప్పి చూశాడు. తల ఊపాడు. తర్వాత పిడికిలి ఆనించి బొటనవేలు లేపాడు. నారి ఆయన వేలి కణుపు మీద ఆగింది.

“తక్కువ,” అన్నాడు. నమ్మకం కుదరక టేపు తీసి కొలిచాడు. “బాగా తక్కువ. నారి కొట్టి మణికట్టు వాచిపోతుంది. చిట్టీ, నేను ముందే చెప్పాను కదమ్మా.”

“అందరికీ మీ వేలే కొలతా మావయ్యా?”

“మరి ఎవరిది?”

“చెక్కినావిడది.”

అత్త కుర్చీలోంచే ఎడమచెయ్యి పైకెత్తి చూపించింది. మావయ్య ఆ చెయ్యి చూశాడు, విల్లు చూశాడు, మెడలో టేపు సవరించుకున్నాడు. అర్థమైనట్టే ఉంది ముఖం. కానీ నిరుటి రక్తం ఆయన మర్చిపోలేదు.

“మాట బానే ఉంది. మాటని నమ్మి ఒకసారి ఒకామె చెంప పోగొట్టాను.”

“ఆ విల్లు బిగుతై పగిలిందా, వదులై పగిలిందా?” అంది చిట్టి.

“బిగుతై.”

“మీ కొలతకి బిగిస్తే ఇదీ పగులుతుంది. నిన్న పెరట్లో పగలగొట్టినంత పని చేశాను. ఈ కొలతకి తప్పయితే దెబ్బ తగిలేది నా మణికట్టుకే, ఇంకెవరికీ కాదు. అందర్నీ దూరంగా నిలబెట్టండి. ఒక్క బాణం వేస్తాను. విల్లు టిక్కుమన్నా, నారి నా చేతిని కొట్టినా, నేనే స్టూలెక్కి మీ మేకుకి తగిలిస్తాను. నోరెత్తను.”

మావయ్య విల్లు ఆమె చేతికిచ్చాడు. తర్వాత జనాన్ని వెనక్కి నెట్టాడు. తను మాత్రం జరగలేదు.

చిట్టి మణికట్టుకి తోలుపట్టీ కట్టుకోలేదు. కట్టుకుంటే నారి తగిలిందో లేదో ఎవరికి తెలుస్తుంది? గీత దగ్గర నిలబడింది. కాళ్లు కుదురు చేసుకుంది. బాణం పెట్టి లాగింది. సగం దాకా వచ్చింది. నిన్న ఏడ్చిన చోటు అదే. ఆమె ఆగలేదు. నారి చెంపకి ఆనేదాకా లాగింది. విల్లు కిక్కురుమనలేదు. వేళ్లు వదిలేసింది.

దూరంగా, గురిపలకలో, ‘టప్’.

అత్త కుర్చీలో ముందుకి వంగి, తల ఒకవైపుకి తిప్పి వింటోంది.

“ఎవరే ఆ బాణం వేసింది?” అంది చిరాగ్గా. “నువ్వు వేసేదాకా ఆగొచ్చు కదా వాళ్లు!”

“నేనే వేశానత్తా,” అంది చిట్టి. “అది మనదే.”

అత్త ముఖం రెండు చేతుల్లో దాచుకుంది. చిట్టి పరిగెత్తుకొచ్చి కాళ్ల దగ్గర కూలబడింది.

టేపు మావయ్య చిట్టి మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎర్రటి గీత కూడా లేదు. నేరుగా హాల్లోకి వెళ్లాడు. జనం కూడా వెనకే వెళ్లారు. ఆయన మెడలోంచి టేపు తీసి, మడత పెట్టి, ఆ మేకుకి తగిలించి, ఒట్టి మెడతో బయటికొచ్చాడు. వాళ్లావిడ అక్కడ ఉండి ఉంటే కళ్లు తిరిగి పడిపోయేది.

ఇంటికి నడుస్తున్నప్పుడు విల్లు చిట్టి భుజాన ఉంది, అత్త చెయ్యి ఆమె చేతిలో ఉంది. వీధి మలుపు దగ్గర అత్త ఆగి, చిట్టి బొటనవేలు వెతికి పట్టుకుని, మొదలు నుంచి గోటికొస దాకా మెల్లగా తడిమింది. మళ్లీ ఒకసారి తడిమింది.

“ఇంత పొడుగెప్పుడైంది ఇది?”

“నీ భయానికి అన్నం తిని తిని.”

అత్త నవ్వలేదు. ఆలోచనలో పడింది. వేలు వదల్లేదు.

“కలప చూసిపెట్టు,” అంది కాసేపటికి. “తర్వాతి విల్లు దీని కొలతకి చెక్కుతాను.”